‘విడి’ రాక్‌లా, ‘విడదీసిన’ రాక్‌లా?

సందేహం: అమెరికా సరుకు రవాణా పత్రమొకటి తెలుగులోకి తెస్తున్నాను. టెలికాం ఉక్కు రాక్‌లకు ‘నాక్డ్ డౌన్’ అని ఉన్నచోట ‘విడి రాక్‌లు’ అని రాస్తే, ‘విడదీసిన రాక్‌లు’ అనాలని మిత్రుడు సవరించారు. ఏది సరి? ‘పట్టీలు బిగించి, మూలలకు అట్టకోణాలు అమర్చి పంపవలెను’ అన్న వాక్యం నిర్దోషమేనా?

సమాధానం: మీ మిత్రుడి సవరణే సరైనది. ‘నాక్డ్ డౌన్’ అంటే రవాణాకు వీలుగా భాగాలుగా ఊడదీసి సర్దినది. రెండు మాటలూ ‘విడు’ ధాతువుకు చెందినవే అయినా వాడుకలో వాటి దారులు వేరు. ‘విడి’ అనగానే కట్టలో చేరనిది అన్న అర్థం ముందు తోస్తుంది. విడి పూలంటే మాల కట్టనివే కాని రేకులు తుంచినవి కావు. అందువల్ల ‘విడి రాక్‌లు’ అని చదివినవారు అవి ప్యాకింగ్ లేకుండా వస్తున్నాయనుకోవచ్చు. పోనీ ‘రాక్ విడిభాగాలు’ అందామంటే అది స్పేర్ పార్టులకు స్థిరపడిన మాట. ‘విడిపోయిన’ అంటే దారిలో దెబ్బతిన్నట్టు ధ్వనిస్తుంది. ‘విడదీసిన’ సకర్మక క్రియ కనుక ఎవరో కావాలనే భాగాలు చేశారన్న సంగతి అందులోనే ఉంది.

ఈ తేడా ఛార్జీని కూడా మారుస్తుంది. రవాణా ఛార్జీ లెక్కకు వాడే అక్కడి జాతీయ సరుకు వర్గీకరణలో 50 నుంచి 500 వరకు 18 తరగతులున్నాయి. బరువు తక్కువై చోటెక్కువ తినే సరుకు సాధారణంగా ఛార్జీ ఎక్కువుండే పై తరగతికి పోతుంది. కూర్చి నిలబెట్టిన రాక్‌లో చాలా భాగం ఖాళీయే. 24 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల లోతు, 84 అంగుళాల ఎత్తు గల ప్యాకింగ్ 49 ఘనపుటడుగులు ఆక్రమిస్తుంది. దాని బరువు 294 పౌన్లయితే ఘనపుటడుగుకు వచ్చేది 6 పౌన్లే. విడదీసి సగం చోటులో సర్దితే అది 12 అవుతుంది. అయితే తలుపొక్కటి ఊడదీసి ‘విడదీసిన’ అని రాస్తే చెల్లదు: కూర్చినప్పటి ఘనపరిమాణంలో కనీసం మూడింట ఒక వంతు తగ్గాలన్నది అక్కడి నిర్వచనం. మూడింట రెండు వంతులు తగ్గితే దానికి ‘ఫ్లాట్’ అన్న విశేషణం చేరుతుంది. అక్కడ ‘చదునుగా విడదీసిన’ అనండి. ‘చదునుగా’ అన్నది అలంకారం కాదు, వదిలేయకండి.

ఇక రెండో వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, వరుసదోషం ఉంది. క్త్వార్థకాలు (‘చేసి, చూసి’ వంటి అసమాపక క్రియలు) ముందు జరిగిన పనిని చెబుతాయి కనుక, ‘బిగించి, అమర్చి’ అని చదివిన పనివాడు ముందు పట్టీలే బిగిస్తాడు. బిగిసిన పట్టీ కిందికి అట్టకోణం దూరదు. కోణం లేని పట్టీ రాక్ అంచున రంగును ఒరిపిడితో లేపేస్తుంది. ‘రాక్‌ను ప్యాలెట్‌కు బోల్టులతో బిగించి, మూలలకు అట్టకోణాలు అమర్చి, వాటి మీదుగా పట్టీలు లాగి కట్టి పంపవలెను’ అని మార్చండి. ఇక్కడ ‘బిగించి’ని ప్యాలెట్ పనికి వాడుకున్నాం కాబట్టి, విడదీయని సరుకును పత్రమంతటా ‘కూర్చిన రాక్’ అనే అనాలి. ‘బిగించిన రాక్’ అంటే ప్యాలెట్‌కు బిగించారో, భాగాలను కలిపి బిగించారో తేలదు.