విమాన సంస్థ ఉద్యోగులు యూనియన్‌లో చేరితే లాభమా, నష్టమా?

నన్నడిగితే చేరడమే మేలు. జీతం పెంపు సంగతి అలా ఉంచితే, క్రమశిక్షణ చర్య ఎదురైనప్పుడు మన తరఫున వాదించే మనిషి ఉంటాడు. డ్యూటీ గంటలు, విశ్రాంతి ఒప్పందంలో రాసి ఉంటాయి కనుక మేనేజర్ ఇష్టానికి మారవు. నెలనెలా చందా తప్పదు.

అసలు చిక్కు సీనియారిటీ. ఏ రూటు, ఏ షిఫ్టు, పండగ సెలవు ఎవరికి అన్నవి ఎక్కువగా చేరిన తేదీని బట్టే తేలుతాయి. 20 ఏళ్ల అనుభవమున్న పైలట్ కూడా కంపెనీ మారితే సాధారణంగా జాబితాలో అట్టడుగు నుంచే మొదలుపెట్టాలి. కొత్తవారికి ఇది చేదు మాత్రే.

సమ్మె కూడా అంత సులువు కాదు. అమెరికాలో 1936 నుంచి విమాన సంస్థలకూ వర్తిస్తున్న రైల్వే లేబర్ చట్టం ప్రకారం, మధ్యవర్తిత్వం విఫలమై, ఆపై 30 రోజుల గడువు ముగిశాకే సమ్మెకు దిగాలి. అందుకే చర్చలు ఒక్కోసారి ఏళ్లతరబడి సాగుతాయి. అంతవరకు పాత ఒప్పందమే.