చేతికి స్పీడు లేదంటున్నారు, ఏ పనికి వెళ్లాలి?

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర పల్లె. ఇంటర్ పాసయ్యాను. అమ్మానాన్న చీరలు నేస్తారు. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూసుకుంటే గానీ నాకు మనసొప్పదు. ప్యాకింగ్ పనికి వెళితే 'చేతికి స్పీడు లేదు' అని నెల తిరక్కుండానే మాన్పించారు. నాలాంటివాళ్లకు ఫ్యాక్టరీల్లో పనులుంటాయా సర్? లేక మగ్గమే నయమా?
– ఒక పాఠకురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: ఎందుకుండవమ్మా! ప్యాకింగ్‌లో ఎన్ని పెట్టెలు కట్టావన్నదే చూస్తారు. అచ్చులు, పనిముట్లు తయారుచేసే టూల్ రూమ్‌లో, క్వాలిటీ సెక్షన్‌లో ముందు కొలత చూస్తారు. నేను హైదరాబాద్ బాలానగర్ టూల్ రూముల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ పనే చెబుతాను.

25 మిల్లీమీటర్ల మందమున్న షాఫ్ట్, అంటే గుండ్రటి ఉక్కు కడ్డీ చేయాలనుకో. డ్రాయింగ్‌లో పక్కనే, ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే గుర్తు చిన్న అక్షరంతో హెచ్7 (h7) అని ఉంటే 25.000 దాటకూడదు, 24.979కి తగ్గకూడదు. మధ్యలో ఉన్నది 21 మైక్రాన్లు, అంటే 0.021 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందమంత కూడా కాదు. ఈ కొలత తీసే పరికరం మైక్రోమీటర్‌ను బలంగా బిగిస్తే కొలత తప్పు చూపిస్తుంది. దాని చివరనున్న రాట్చెట్ అనే చిన్న పిడిని తిప్పుతూ టిక్ టిక్ అనగానే ఆపాలి. మిషన్ మీంచి దింపిన ముక్క వేడిగా ఉంటే చల్లారనివ్వాలి. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. తొందరపడి అప్పుడే పాస్ చేస్తే చల్లారాక సైజు తగ్గుతుంది, ముక్క స్క్రాప్‌కి పోతుంది. అందుకే నీలా మళ్లీ ఒకసారి చూసుకునే మనిషిని ఏ ఫోర్‌మ్యానూ వదులుకోడు.

అయితే ఎక్కడ ఆపాలో కూడా నేర్చుకోవాలి. షాఫ్ట్ 24.985 వచ్చిందా, అది పాస్. ఇంకా బాగుండాలని మళ్లీ మిషన్ మీద పెడితే చెడిపోతుంది. ప్యాకింగ్‌లో ఎంత సరిగ్గా ఉంటే చాలో నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఇక్కడ అది డ్రాయింగే చెబుతుంది. నీ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. ఇంకోటి, నెలాఖరులో డిస్పాచ్ ఒత్తిడి వస్తుంది, 'ఈసారికి పంపించెయ్' అంటారు. కొలత తప్పిన ముక్కకు రిజెక్ట్ ట్యాగ్ కట్టి నిలబడగలిగితేనే ఇన్‌స్పెక్షన్‌లోకి రా.

ఐటీఐలో మెషినిస్టు, టర్నర్, టూల్ అండ్ డై మేకర్ ట్రేడులు రెండేళ్లవి. బాలానగర్‌లోనే 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. అక్కడ పదో తరగతి అర్హతతో టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్లు చెబుతారు. ప్రవేశ పరీక్ష రాయాలి, వయసు పరిమితి కూడా ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకు. నన్నడిగితే ఐటీఐ కన్నా ఇదే మేలు.

ఇక మగ్గం సంగతి. నేతకు కూలి చీర లెక్కన వస్తుంది కాబట్టి అక్కడా నిదానం నష్టమే. కానీ గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీయడం, చిటికి కట్టడం నీకు అతికినట్టు సరిపోతాయి. రంగు అంటకూడని చోట పోగుల్ని రబ్బరు పట్టీలతో బిగించి కడతారని నీకు నేను చెప్పాలా! ఆ కట్టు జరిగితే పువ్వు చెదురుతుంది, రంగు పడ్డాక మగ్గం మీద దిద్దుకునే వీలుండదు. మీ జిల్లా ఆలేరు ప్రాంతం మనిషే చింతకింది మల్లేశం, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పే పనికి ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం తల్లుల భుజాల నొప్పి తగ్గించింది, చిటికి మాత్రం ఇంకా చేత్తోనే కడుతున్నారు. ఇంట్లోనే ఉండాలనుకుంటే అమ్మ దగ్గర ముందు అది పట్టుకో.

ఫ్యాక్టరీకే వెళతానంటే చేరేముందు కంటి పరీక్ష చేయించుకో, రంగులు గుర్తుపట్టే పరీక్షతో సహా. మందుల కంపెనీల్లో ఇంజెక్షన్ సీసాలను నల్ల తెర ముందు ఒకసారి, తెల్ల తెర ముందు ఒకసారి పట్టి నలుసులు వెతికే పని ఉంటుంది. దానికీ ఈ పరీక్ష అడుగుతారు.