బకాయి పేరుతో ఓటు తీసేశారా? ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూడండి

హౌసింగ్ సొసైటీ ఎన్నికల్లో మిమ్మల్ని బకాయిదారుగా చూపి ఓటర్ల జాబితా నుంచి తొలగించారని, పోలింగ్ అయిపోయింది కాబట్టి నేరుగా హైకోర్టుకు వెళ్ళవచ్చా అని అడిగారు. అనంతపురంలో మా సొసైటీలో సరిగ్గా ఇదే జరిగింది. హైకోర్టు మాట కాసేపు పక్కన పెట్టి, మీ సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం నకలు సంపాదించండి.

అందులో ఏ చట్టం రాసి ఉందో చూడండి. 1964 నాటి సహకార సంఘాల చట్టమా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టమా, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమా? బోర్డు మీద అన్నీ సొసైటీలే, తట్టవలసిన తలుపులే వేరు. 2001 చట్టమైతే 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్ళవచ్చు. మాది 1964 చట్టం. ఎన్నిక వివాదాలకు 61వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఉంది, సివిల్ కోర్టు దారిని 121వ సెక్షన్ మూసేస్తుంది. అది తెలియక మేము సివిల్ దావా వేశాం. ఎనిమిది నెలలు వాయిదాలకు తిరిగాక, విచారణ పరిధి లేదంటూ తిప్పి పంపారు. మా వకీలు మంచివారే. కాకపోతే ఆయన జీవితమంతా భూమి తగాదాలే చూశారు.

హైకోర్టులో రిట్ వేసినా, చట్టంలోనే వేరే మార్గం ఉందిగా, ముందు అక్కడికి వెళ్ళండి అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట వినడానికి అమరావతికి రాత్రి బస్సు ఎక్కడం ఎందుకు? రాజ్యాంగ 97వ సవరణ మనకు అండగా ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. సహకార సంఘాల గురించి ఆ సవరణ చేర్చిన భాగం మన సొసైటీలా ఒకే రాష్ట్రంలో పనిచేసే సంఘాలకు వర్తించదని 2021 జులైలోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక మా గొడవ. శనివారం సాయంత్రం నీళ్ళ ట్యాంకు గోడకు జాబితా అంటించారు, అభ్యంతరాలకు సోమవారం వరకే గడువు. 19 పేర్లు లేవు. నా పేరు మీద 1,200 రూపాయల బకాయి. ఆ డబ్బు ఏప్రిల్‌లోనే కట్టాను, కార్బన్ రసీదు కూడా ఉంది. తరువాత తెలిసిందేమిటంటే, నా 74వ నంబరు ప్లాటు డబ్బును లెడ్జరులో 47కు జమ వేశారు! పొరపాటో, కావాలని చేశారో ఇప్పటికీ చెప్పలేను. సోమవారం పొద్దున్నే అభ్యంతరం రాసి, రెండో ప్రతి మీద ఎన్నికల అధికారి సంతకం, ముద్ర, తేదీ వేయించుకున్నాను. మిగిలినవారిలో చాలామంది ఆఫీసు ముందు నిలబడి కేకలు వేసి ఇంటికి వెళ్ళిపోయారు. ట్రిబ్యునల్‌లో వచ్చిన మొదటి ప్రశ్న: అప్పుడే అభ్యంతరం చెప్పారా? ఆ ముద్ర కాగితమే నా జవాబు. రెండో ప్రశ్న, బకాయి కట్టమని నోటీసు ఇచ్చారా అని. సొసైటీవారు పోస్టు రసీదు ఒక్కటి కూడా చూపలేకపోయారు. గెలుపు తేడా 6 ఓట్లే కావడం కూడా మాకు కలిసివచ్చింది. 60 అయి ఉంటే మా 19 ఓట్లతో ఫలితం మారేదని చెప్పడం కష్టమయ్యేది. ఎన్నిక రద్దయింది, కానీ అప్పటికి ఆ పాలకవర్గం సగం కాలం ఏలేసింది.

రికార్డులు ఇవ్వమంటే ఇవ్వరు. సహకార సంఘాలు మామూలుగా సమాచార హక్కు చట్టం పరిధిలోకి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక సొసైటీకి దరఖాస్తు పెట్టి లాభం లేదు. జిల్లా సహకార అధికారి కార్యాలయం మాత్రం ఆ చట్టం కిందికి వస్తుంది. మా ఓటర్ల జాబితా, మినిట్స్ నకళ్ళు నాకు అక్కడే దొరికాయి.

పిటిషన్‌లో గెలిచినవారందరినీ ప్రతివాదులుగా చేర్చండి. మేము ఒక డైరెక్టరు పేరు మరిచిపోయాం, దాన్ని చేర్చడానికి ఇంకో పిటిషన్, ఇంకో రెండు వాయిదాలు పట్టాయి.