అందరిదీ అయినదాని మీద లాభం ఎలా వస్తుంది?

సముద్రం లాంటి ఉమ్మడి వనరు ఎవరి సొంతమూ కాదు కదా, దాని మీద వ్యాపారం చేసి లాభం ఎలా తీస్తారని అడిగారు.

తెల్లవారుజామున ఒకసారి వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. ఒకపక్క చేపల వేలం కేకలు. ఇంకోపక్క ఐసు దిమ్మలను మిషన్‌లో వేసి పొడి చేస్తుంటారు. వేటకి వెళ్లే బోటుకి చేప పడుతుందో లేదో తెలియదు, ఐసు మాత్రం ముందే కొనాలి. ఐసు ఫ్యాక్టరీ యజమానికి సముద్రంలో సెంటు వాటా లేదు, అయినా డబ్బు వస్తుంది. వలలు అమ్మేవాళ్లు, ఇంజిన్ మెకానిక్‌లు, రొయ్యల ఎగుమతిదారులు కూడా అంతే.

చిక్కేమిటంటే, ఒకరు పట్టిన చేప ఇంకొకరికి మిగలదు. అందుకే మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటని ప్రభుత్వం ఆపేయిస్తుంది. ఆ రెండు నెలలూ బేరాల్లేక అందరికీ టెన్షనే. కానీ గుడ్లు పెట్టే చేపల్ని కూడా పట్టేస్తే తర్వాత ఐసు కొనేదెవరు? ప్రభుత్వం చెప్పకపోయినా వాడుకునేవాళ్లే కట్టుబాట్లు పెట్టుకుని ఉమ్మడి వనరుని కాపాడుకోగలరని చూపించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి ఆ తరుగుదల బాధ లేదు, ఒకరు వాడితే ఇంకొకరికి తగ్గదు. కంప్యూటర్లని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికి సపోర్ట్ అమ్మిన రెడ్ హ్యాట్ అనే కంపెనీని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొంది. వైజాగ్‌లో ఐటీ కంపెనీలుండే రుషికొండలో చిన్న కంపెనీ పెట్టాలనుకునేవాళ్లకి, నా లెక్కలో, బోటు కన్నా ఇలా ఉచిత సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ అమ్మడమే నయం.