ప్రారబ్ధం: ఆత్మ వేసుకున్న పథకమా?

సందేహం: ఒక అనువాద పుస్తకంలో “నీ కష్టాలన్నీ పుట్టకముందే నీ ఆత్మ ప్రణాళిక వేసుకున్నవే, మన పెద్దలు ప్రారబ్ధమన్నది దీన్నే” అని చదివాను. ఈ ప్రయోగం సరైనదేనా? మరోచోట అదే పుస్తకంలో ‘ప్రారబ్దం’ అని అచ్చయింది. ఏది సాధువు (వ్యాకరణం ఒప్పే రూపం)?

సమాధానం: రెండో ప్రశ్న ముందు విప్పుదాం. మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

ప్ర, ఆ అనే ఉపసర్గల తర్వాత ‘రభ్’ ధాతువు, దానిమీద ‘త’ ప్రత్యయం. భకారం మీద వచ్చిన త, ధ అవుతుంది (పాణిని సూత్రం: ఝషస్తథోర్ధోఽధః). ఆ ధ పరమైనప్పుడు భ్, బ్ అవుతుంది (ఝలాం జశ్ ఝశి). భకారంలోని ఊపిరి (ఒత్తు) ఎక్కడికీ పోలేదు, పక్క అక్షరంలోకి జరిగింది. లభ్ నుంచి లబ్ధం, లుభ్ నుంచి లుబ్ధుడు వచ్చిన దారి ఇదే. కాబట్టి ప్రారబ్ధమే సాధువు. ‘శబ్దం’ రాసి అలవాటైన చేయి ఇక్కడా ఒత్తు మింగేస్తోంది. మరికొందరు ‘ప్రారభ్దం’ అని ఆ ఒత్తును వెనక్కి లాగుతున్నారు. రెండూ తప్పే. వేదాంతం అచ్చువేసేవారైనా ఇంత అశ్రద్ధ చూపకూడదు.

ప్రారంభం దీనికి తోబుట్టువు. అక్కడ అచ్చు పరమైనందున రభ్‌కు నుమాగమం (నకారం చేరడం) వచ్చి సున్న ఉంది, ఇక్కడ లేదు. ఇక అర్థం: ప్రారబ్ధమంటే మొదలైపోయినది. మొదలుపెట్టింది ఎవరు? బ్రహ్మసూత్రం (4.1.15) ‘అనారబ్ధకార్యే ఏవ తు పూర్వే తదవధేః’ అంటుంది. జ్ఞానంతో నశించేవి ఇంకా ఫలమివ్వడం మొదలుపెట్టని పుణ్యపాపాలు మాత్రమేనని భావం. ఫలాన్ని ఆరంభించేది కర్మ. ఆ సూత్రానికి రాసిన భాష్యంలో శంకరులు కుమ్మరి సారెను ఉపమానంగా చూపారు: వేగమందుకున్న సారెను నడుమ ఆపేదేదీ ఉండదు, ఆ వేగం తరిగేదాకా కాచుకోవలసిందే.

భాగవతం తృతీయస్కంధం 31వ అధ్యాయం జీవుడి గర్భప్రవేశాన్ని ‘కర్మణా దైవనేత్రేణ’ అని మొదలుపెడుతుంది. రెండూ తృతీయా విభక్తులే: దైవం నడిపించే కర్మచేత. (నేత్రమంటే నడిపించేది, కంటికి ఆ పేరు అందుకే.) ఆ అధ్యాయంలో గర్భస్థుడు తల్లడిల్లుతాడు, చేతులు జోడించి స్తుతిస్తాడు. తన రాబోయే కష్టాలను మాత్రం ఎంచుకోడు.

ఎంచుకోవడం కావాలంటే గ్రీకు తత్వవేత్త ప్లేటో ‘రిపబ్లిక్’ పదో భాగానికి వెళ్లాలి. అక్కడ ఆత్మలు చీట్ల వరసలో వచ్చి తమ బతుకులను తామే ఏరుకుంటాయి, మరపు నీళ్లు తాగి పుడతాయి. మీ పుస్తకంలోని నమ్మకానికి చుట్టరికం ఆ కథతోనే.

తెలుగు నుడికారం ఏమంటుందో చూడండి. తలరాత రాసేది బ్రహ్మ. ‘పెట్టి పుట్టాడు’ అన్నప్పుడు పెట్టినవాడు తానే, కానీ ఆ మాట సుఖానికే చెల్లుతుంది. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అనే సామెతలో ‘కొను’ (తనకు తానే అని చెప్పే మాట) ఉంది. అది చేయడానికి తగిలింది గానీ రాయడానికి కాదు. ‘రాసిపెట్టి ఉంది’ అంటాం, ‘రాసుకుని పుట్టాను’ అనం. నేను పట్టుబట్టేది ఈ ఒక్క ‘కొను’ గురించే. బిడ్డ పోయిన తల్లి “నా ప్రారబ్ధం” అన్నప్పుడు అది తన చేతిలో లేనిదని తనకు తాను చెప్పుకుంటున్న మాట. అదే చోట “నువ్వే ప్రణాళిక వేసుకున్నావు” అంటే నింద మోపినట్టవుతుంది. పైగా ప్రణాళిక సంస్కృతంలో నీరు పారే కాలువ; పథకమనే అర్థం ఇప్పుడు స్థిరపడింది గనుక కాదనను, దాన్ని ఆత్మకు తగిలించడమే చెవికి కటువు.

అయితే ప్రారబ్ధమైన కర్మను పూర్వం చేసినవాడు జీవుడే కదా అని ఎవరైనా వాదిస్తే, ఆ మేరకు అనువాదకుడి ప్రయోగాన్ని పూర్తిగా తోసేయలేను. నన్నడిగితే ‘ఆత్మ ముందే ఎంచుకున్న కష్టాలు’ అని తేటగా రాసి, ప్రారబ్ధాన్ని దాని చోట ఉండనిస్తే బాగుండేది.