అరన్ దీవికి ఒక్కరోజు: మోకాళ్లు, అలలు, పులిహోర

ప్రశ్న: మా అమ్మాయి ఐర్లండ్‌లోని గాల్వేలో ఎమ్మెస్ చదువుతోంది. మే నెలలో నేనూ మావారూ చూడ్డానికి వెళ్తున్నాం. ఫెర్రీలో అరన్ దీవులకి తీసుకెళ్తానంటోంది. నాకు మోకాళ్ల నొప్పులు. బస్సెక్కినా కడుపులో తిప్పుతుంది. ఇద్దరం శాకాహారులం. ఒకే రోజులో రెండు దీవులు, మోహర్ కొండచరియలు కూడా చూసేయొచ్చని ఎవరో చెప్పారట. మా వల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు, పిడుగురాళ్ల

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. కానీ ఆ రెండు దీవులూ కొండచరియల సంగతి మాత్రం అమ్మాయికి ముందే వద్దని చెప్పేయండి. పడవ ఎక్కడం, దిగడం, మళ్లీ లైన్లో నిలబడడంతోనే రోజంతా అయిపోతుంది. ఒక్క దీవి చాలు. అరన్ దీవులు మూడింట్లో పెద్దదైన ఇనిష్‌మోర్‌కి వెళ్లండి. గాల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని అక్కడికి పంపించే డ్యూటీ కూడా నేనే చేస్తుంటాను. కాబట్టి మోకాళ్ల లెక్క నాకు బాగా తెలుసు.

గాల్వే ఊళ్లోంచి ఫెర్రీ వాళ్ల బస్సే రోసావీల్ రేవుకి తీసుకెళ్తుంది, గంట ప్రయాణం. అక్కణ్ణుంచి పడవలో 40 నిమిషాలు. వేసవిలో గాల్వే రేవు నుంచి నేరుగా వెళ్లే పడవ కూడా ఉంది గానీ, అది గంటన్నర నీళ్ల మీదే ఉంటుంది. కడుపులో తిప్పేవాళ్లకి అది వద్దు. పడవలో పై అంతస్తు ఫొటోలకి బాగుంటుంది. మీరు మాత్రం కింద, మధ్యలో కూర్చోండి, అక్కడ ఊపు తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, అలాగని పొట్ట నిండా తినీ ఎక్కొద్దు. వాంతుల మాత్ర కావాలంటే మీ డాక్టర్ని అడిగి ఇండియా నుంచే తెచ్చుకోండి, అరగంట ముందు వేసుకోవాలి. ఆ మాత్రలకి నిద్ర ముంచుకొస్తుంది, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

జెట్టీ ఉన్న ఊరు కిల్‌రోనన్. దిగీ దిగగానే మినీబస్సుల వాళ్లు, గుర్రబ్బండ్ల వాళ్లు పలకరిస్తారు, పక్కనే సైకిళ్ల కొట్టు. మీ ఇద్దరికీ మినీబస్సే మేలు. డ్రైవర్లలో ఎక్కువమంది ఆ దీవి వాళ్లే. వాళ్లలో వాళ్లు ఐరిష్‌లోనే మాట్లాడుకుంటారు, మనతో ఇంగ్లిష్. దీవి మొత్తం మీద జనాభా 800 చిల్లర, అందుకే దారిలో ఎదురయ్యే ప్రతి కారుకీ మీ డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతుంటాడు.

అందరూ చూడ్డానికి వెళ్లేది డూన్ ఏంగస కోట. మూడు వేల ఏళ్ల కిందట మొదలైన కట్టడం. అర్ధచంద్రాకారంలో ఒకదాని లోపల ఒకటిగా రాతి గోడలు. నాలుగో వైపు గోడ లేదు, సముద్రమే, దాదాపు 100 మీటర్ల లోతున. అంచు దగ్గర కంచె గానీ కమ్మీ గానీ ఏమీ ఉండదు. బోర్లా పడుకుని, తల మాత్రం బయట పెట్టి కిందికి చూస్తారు. కింద అల కొట్టిన దెబ్బ చెవికి చేరేలోపే గాలి మొహం మీదికి ఎగదన్నుతుంది. కళ్లజోడు జాగ్రత్త. మీవారు ముందుకెళ్లి సెల్ఫీ తీసుకుంటానంటే మాత్రం చొక్కా పట్టుకుని లాగేయండి, మొహమాటపడకండి.

ఇక మీ మోకాళ్ల విషయం. టికెట్ ఇచ్చే చోటి నుంచి పైకి కిలోమీటరు లోపే, కానీ అంతా ఎక్కుడే. చివర్లో ఎగుడుదిగుడు సున్నపురాళ్లు, లక్షల పాదాలు తొక్కి నున్నబడ్డాయి. వాన పడితే జారతాయి. మెల్లగా అరగంటలో ఎక్కొచ్చు. దిగేటప్పుడే మోకాలికి అసలు బాధ. ఊతకర్ర పట్టుకెళ్లండి. పైదాకా వద్దనిపిస్తే కిందే కెఫే ఉంది, కాస్త నడిస్తే కిల్మర్వీ తీరంలో తెల్లటి ఇసక ఉంది. మీవారినీ అమ్మాయినీ పైకి పంపి మీరు అక్కడ కూర్చుంటే ఏమీ పోదు. చీర కట్టుకునే వెళ్తానంటే బస్సు వరకూ ఫర్వాలేదు. కోట ఎక్కాలంటే చుడీదారు, పట్టున్న బూట్లు వేసుకోండి. గొడుగు పెట్టెలోనే వదిలేయండి, ఆ గాలికి వెనక్కి తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు కొనుక్కోండి.

మీది పిడుగురాళ్ల కాబట్టి ఒక మాట. ఆ దీవి అంతా మీ పల్నాడు లాగే సున్నపురాయి. పైన మన్ను లేక, తరతరాలుగా ఇసకా సముద్రపు నాచూ మోసుకొచ్చి పరిచి మన్ను చేసుకున్నారు, అందులోనే ఆలుగడ్డలు వేశారు. పొలాల మధ్య గోడలకి సిమెంటూ లేదు, సున్నమూ లేదు, రాయి మీద రాయి అంతే. సందుల్లోంచి గాలి దూరిపోతుంది కాబట్టే నిలబడ్డాయి. చాలా చేలకి గేటు కూడా ఉండదు. ఆవుని లోపలికి తోలాలంటే నాలుగు రాళ్లు తీసి పక్కన పెట్టి, అది వెళ్లాక మళ్లీ పేరుస్తారు. మీరు వెళ్లేది మేలో కదా, బండల పగుళ్లలో చిటికెడంత నీలిపూలు కనిపిస్తాయి. జెన్షియన్ అంటారు. ఒంగి చూడండి, కొయ్యకండి.

తిండికి డబ్బాలో పులిహోర పెట్టుకెళ్లండి, మధ్యాహ్నానికి ప్రాణం లేచొస్తుంది. కెఫేల్లో కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్, బన్ను లాంటి స్కోన్లు దొరుకుతాయి. సూప్‌లో చికెన్ నీళ్లు పోశారేమో అడిగి తాగండి. టీ మాత్రం చిక్కగా, పాలు పోసి ఇస్తారు, మీకు నచ్చుతుంది.

తిరుగు పడవ వేళ పొద్దున్నే టికెట్ మీద చూసుకోండి. అది తప్పితే ఆ రాత్రి దీవిలోనే.

ప్రశ్న: డబ్లిన్‌లో చదువుకుంటున్నాను. శనివారం ఒక్కరోజులో ఇనిష్‌మోర్ వెళ్లి రావచ్చా? సైకిల్ తొక్కుదామనుకుంటున్నాం.
– ఒక విద్యార్థి, డబ్లిన్

జవాబు: వెళ్లొచ్చు తమ్ముడూ, కానీ రోజంతా సీట్లోనే గడుస్తుంది. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకి రైల్లోనే రెండున్నర గంటలు, ఆపైన బస్సు, పడవ. శుక్రవారం రాత్రే గాల్వే చేరి ఏ హాస్టల్లోనో పడుకుని, శనివారం పొద్దుటి పడవ పట్టుకోండి. గాలి ఎక్కువైతే పడవ ఆపేస్తారు, అది మన చేతిలో లేదు. అప్పుడైనా గాల్వే ఊరు ఉంటుంది కదా.

సైకిల్‌కి రెండు దారులు. పై రోడ్డు ఎక్కుడు. ఒడ్డు వెంబడి కింది రోడ్డు చదును, నీళ్లు తగ్గినప్పుడు రాళ్ల మీద సీల్ అనే సముద్రపు జంతువులు పడుకుని ఉంటాయి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే నెట్టుకొస్తుంది. అందుకని ఓపిక ఉండగానే ముందు కోట దాకా తొక్కేయండి, ఫొటోలు తిరుగుదార్లో తీసుకోండి. జూలై, ఆగస్టుల్లో ఐరిష్ నేర్చుకోవడానికి వచ్చే బడిపిల్లలతో పడవలు నిండిపోతాయి, టికెట్ ముందే కొనండి.

ప్రశ్న: అరన్ స్వెటర్ తెమ్మని మా అబ్బాయికి చెప్పాను. ఒక్కో ఇంటికీ ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో మునిగిపోయిన జాలరిని దాన్ని బట్టే గుర్తుపట్టేవారనీ విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కథ బాగుంటుందండీ, స్వెటర్లు అమ్మడానికి ఇంకా బాగా పనికొస్తుంది. కానీ దానికి ఆధారం లేదు. ఆ అల్లిక ఇప్పటి రూపానికి వచ్చిందే 20వ శతాబ్దంలో. దీవి ఆడవాళ్లు నాలుగు డబ్బులకోసం అల్లి అమ్మిన సరుకు అది. అంత మాత్రాన దాని పనితనం తక్కువేం కాదు. చేత్తో అల్లిందా, మిషన్‌దా అని కొట్లో సూటిగా అడగమనండి. రెంటికీ ధరలో చాలా తేడా. ఉన్నిది వాషింగ్ మెషీన్లో వేస్తే పిల్లాడి చొక్కా అయిపోతుంది. అయినా వరంగల్లో దాన్ని వేసుకునేది జనవరి తెల్లవారుజామునే కదా. టోపీ తెమ్మనండి, ఏసీ బోగీలో కూడా పనికొస్తుంది.