డబ్ల్యూటీఓనా, ప్రాంతీయ ప్యానెలా: ముందు ఒప్పందంలో చూడాల్సినవి

వాణిజ్య ఒప్పందం ఉన్న భాగస్వామి దేశం మన సరుకుకు అడ్డుపుల్ల వేస్తే ఫిర్యాదు ఎక్కడ చేయాలి: డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ)లోనా, ఆ ఒప్పందం కింద ఏర్పడే ప్రాంతీయ ప్యానెల్‌లోనా? ఒకచోట ఓడితే రెండోచోటికి వెళ్లొచ్చా? చాలామందికి వచ్చే సందేహమే ఇది.

ముందు ఒప్పందంలోని వివాద పరిష్కార అధ్యాయంలో వేదిక ఎంపిక క్లాజు వెతకండి. అమెరికా, మెక్సికో, కెనడాల ఒప్పందమైన యూఎస్ఎంసీఏలో అది ఆర్టికల్ 31.3. ప్యానెల్ (కేసు విని తేల్చే నిపుణుల బృందం) కోరిన క్షణంలోనే ఆ వేదిక ఖాయం, రెండోది మూసుకుపోతుంది. సంప్రదింపులు కోరినంత మాత్రాన ఇలా కాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

క్లాజు లేకపోతే, లేదా ఉన్నా అడ్డురాకపోతే? కోళ్ల మాంసం కేసులో అర్జెంటీనా వేసిన సుంకంపై బ్రెజిల్ మెర్కోసుర్ (దక్షిణ అమెరికా దేశాల వాణిజ్య కూటమి) ట్రిబ్యునల్‌లో ఓడి, అదే సుంకంపై డబ్ల్యూటీఓకి వెళ్లి 2003లో చాలావరకు గెలిచింది. అర్జెంటీనా అభ్యంతరాన్ని ప్యానెల్ ఒప్పుకోలేదు. అమెరికా వేసిన శీతల పానీయాల కేసులో మెక్సికో 'ఇది నాఫ్టా (యూఎస్ఎంసీఏకి ముందున్న ఒప్పందం) గొడవ' అంటే, తన ముందున్న కేసును ప్యానెల్ వదులుకోవడానికి వీల్లేదని 2006లో డబ్ల్యూటీఓ అప్పీలు సంఘం తేల్చింది.

తర్వాత హక్కు ఎక్కడ పుట్టిందో చూడండి. ఒప్పందంలో మాత్రమే ఉన్న హామీపై డబ్ల్యూటీఓలో వాదించలేరు. యాంటీ డంపింగ్‌ను (మరీ చవగ్గా వచ్చే దిగుమతులపై వేసే అదనపు సుంకాలను) ప్రాంతీయ ప్యానెల్ పరిధి నుంచి తప్పించిన ఒప్పందాలూ ఎక్కువే.

డబ్ల్యూటీఓలో సంప్రదింపులకు 60 రోజులు, పాడైపోయే సరుకైతే 20. కానీ 2019 డిసెంబర్ నుంచి అప్పీలు సంఘం పనిచేయడం లేదు. ఓడినవాళ్లు అప్పీలు వేస్తే తీర్పు అటకెక్కుతుంది. మీ దేశం, ప్రత్యర్థి దేశం రెండూ ఎంపీఐఏ (అప్పీలు సంఘానికి బదులు కొన్ని దేశాలు పెట్టుకున్న మధ్యవర్తిత్వ ఏర్పాటు)లో ఉంటే ఆ బెడద తక్కువ. ప్రాంతీయ వేదికలో గండం వేరు: ప్యానెల్ సభ్యుల జాబితా ఖాళీగా ఉంటే కేసు మొదలే కాదు. నాఫ్టాలో మెక్సికో చక్కెర ఫిర్యాదు అలాగే ఆగిపోయింది. కాబట్టి ఎదుటివాళ్లు సహకరించకపోయినా చీటీ తీసి సభ్యులను నియమించే వీలుందో లేదో చూసుకోండి.